పేలే నక్షత్రాల న్యూట్రినోలు: టెలిస్కోపు దగ్గర మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

అనంతపురంలో ఫిజిక్స్ పాఠాలు చెబుతాను. సెలవులొస్తే చిన్న టెలిస్కోపు వెంటేసుకుని ధర్మవరం, తాడిపత్రి, ఒక్కోసారి కడప, కర్నూలు వైపు బడులకు వెళ్తాను. శని వలయాలు చూపిద్దామని మొదలుపెడితే మాట పేలే నక్షత్రాల మీదికి, అక్కడి నుంచి న్యూట్రినోల మీదికి, అందులోనూ చాలా ఎక్కువ శక్తి ఉన్న ‘హై ఎనర్జీ’ న్యూట్రినోల వెతుకులాట మీదికి వెళ్తుంది. పిల్లలూ, వాళ్లను తీసుకొచ్చిన పెద్దలూ అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. వాళ్ల మాటల్లోనే రాసుకుని, ఒక్కోదానికి విడిగా జవాబిచ్చాను. ఏది కావాలంటే అది ముందు చదువుకోవచ్చు.

## మొదటి సందేహాలు

న్యూట్రినో అంటే ఏందో ఒక్క మాటలో చెప్పండి సార్

విద్యుదావేశం లేని, బరువు లేదనిపించేంత తేలికైన, దేనితోనూ అంత సులువుగా కలవని కణం. కొన్ని పరమాణువులు విచ్ఛిన్నమైనప్పుడు బయటికొచ్చే ఎలక్ట్రాన్ల శక్తి, లెక్క కన్నా తక్కువ తేలేది. మిగతాది ఎటు పోతోంది? కంటికి కనపడని ఇంకో కణం పట్టుకుపోతోందని 1930లో వోల్ఫ్‌గాంగ్ పౌలీ ఊహించాడు. 1956లో ఫ్రెడరిక్ రైన్స్, క్లైడ్ కోవన్ అమెరికాలో ఒక అణు రియాక్టర్ పక్కన పరికరం పెట్టి దాన్ని పట్టుకున్నారు. ఎలక్ట్రాన్, మ్యూయాన్, టౌ అని మూడు రకాలు. ప్రయాణంలో ఒకటి ఇంకొకటిగా మారుతుంటాయి కాబట్టి, చాలా దూరం నుంచి వచ్చేసరికి మూడూ ఇంచుమించు సమానంగా ఉంటాయి.

అవి మన ఒంట్లోంచి పోతాంటాయంట, ఏమీ కాదా?

ఏమీ కాదు. సూర్యుడి నుంచి వచ్చేవే ఒక చదరపు సెంటీమీటరు జాగాలో, అంటే గోరంత మేర, సెకనుకు సుమారు 6,500 కోట్లు పోతున్నాయి. రాత్రి కూడా పోతాయి. వాటికి భూమి అడ్డం కాదు, పాదాల కింద నుంచి వచ్చి నెత్తి మీదుగా వెళ్లిపోతాయి.

పులివెందుల వైపు నుంచి వచ్చిన ఒక తల్లి, తుమ్మలపల్లి యురేనియం గని వల్ల ఊళ్లో ఇవి ఎక్కువవుతాయా అని భయంగా అడిగింది. యురేనియం ఉన్న రాయి నుంచి ఇలాంటి కణాలు వచ్చే మాట నిజమే. కానీ సూర్యుడి నుంచి వచ్చేవాటి ముందు అవి లెక్కలోకి రావు, వాటి వల్ల హానీ లేదు. గని దగ్గరి నీళ్ల గురించి, దుమ్ము గురించి అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. అవి గట్టిగా అడగాల్సినవే. న్యూట్రినోల గురించి మాత్రం టెన్షన్ పడక్కర్లేదని ఆమెకు చెప్పాను.

హై ఎనర్జీ అంటే ఎంత? మామూలువాటికీ వీటికీ తేడా ఏంది?

కణాల శక్తిని ఎలక్ట్రాన్ వోల్టుల్లో కొలుస్తారు. నక్షత్రం గర్భం కూలినప్పుడు వచ్చే న్యూట్రినోకు కోటి, రెండు కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉంటుంది. ఈ పేజీలో వెతుకుతున్న రకానికి కనీసం లక్ష కోట్లు ఉంటుంది. దాన్ని టెరా ఎలక్ట్రాన్ వోల్టు అంటారు. దానికి వెయ్యి రెట్లు పెటా ఎలక్ట్రాన్ వోల్టు. అంటే మొదటి రకం కన్నా లక్ష రెట్ల నుంచి పది కోట్ల రెట్ల శక్తి. రెండింటి పేరూ న్యూట్రినోనే, కానీ పుట్టే చోటు వేరు, పుట్టే తీరు వేరు, పట్టే పరికరం వేరు.

ఇంత కష్టపడి వీటినే ఎందుకు వెతకాల?

అంతరిక్షం నుంచి భూమి మీదికి నిరంతరం కణాల వాన కురుస్తోందని 1912లో విక్టర్ హెస్ బెలూన్‌లో పైకి వెళ్లి కనుక్కున్నాడు. వాటినే కాస్మిక్ కిరణాలు అంటాం. ఎక్కువభాగం ప్రోటాన్లు. వాటిలో కొన్నింటికి మనం భూమి మీద ఏ యంత్రంతోనూ ఇవ్వలేనంత శక్తి ఉంటుంది. ఆ శక్తి ఎక్కడ వస్తోందో వందేళ్లు దాటినా పూర్తిగా తేలలేదు. ప్రోటాన్‌కు ఆవేశం ఉంటుంది కాబట్టి దారిలోని అయస్కాంత క్షేత్రాలు దాన్ని అటూ ఇటూ వంచేస్తాయి. అది మనల్ని చేరే దిక్కు చూసి పుట్టిన చోటు చెప్పలేం.

న్యూట్రినో వంగదు, పుట్టిన చోటి నుంచి తిన్నగా వస్తుంది. పైగా హై ఎనర్జీ న్యూట్రినో పుట్టాలంటే అక్కడ అంతకన్నా శక్తి ఉన్న ప్రోటాన్ ఉండి తీరాలి. కాబట్టి ఒక పేలే నక్షత్రం వైపు నుంచి అలాంటి న్యూట్రినోలు వచ్చాయని గట్టిగా తేలితే, ఆ నక్షత్రం కాస్మిక్ కిరణాలను తయారుచేస్తోందని రుజువైనట్టే.

## నక్షత్రం పేలినప్పుడు

నక్షత్రం అసలెందుకు పేలుతుంది?

సూర్యుడి కన్నా సుమారు ఎనిమిది రెట్లు, ఆపైన బరువున్న నక్షత్రం గర్భంలో చివరికి ఇనుము పోగవుతుంది. ఇనుమును కలిపితే శక్తి రాదు. లోపలి నుంచి మోసే బలం పోయి గర్భం సెకనులోపే కూలుతుంది. బయటి పొరలు ఎగిరిపోతాయి. దాన్నే సూపర్నోవా అంటాం. తెల్ల మరుగుజ్జు నక్షత్రాలు పేలే రకం కూడా ఒకటుంది గానీ, ఇక్కడి మాటలన్నీ గర్భం కూలే రకం గురించే.

1987లోనే సూపర్నోవా న్యూట్రినోలు దొరికాయి కదా, మళ్లీ వెతకడమేంది?

చదివిన పిల్లలు అడిగే ప్రశ్న ఇది, మంచి ప్రశ్న. 1987 ఫిబ్రవరి 23, సోమవారం, మన టైము ప్రకారం మధ్యాహ్నం ఒంటిగంట దాటి అయిదు నిమిషాలు. పెద్ద మాగెల్లాన్ మేఘం అనే పొరుగు గెలాక్సీలో, సుమారు 1,68,000 కాంతి సంవత్సరాల దూరంలో పేలిన నక్షత్రం న్యూట్రినోలు భూమిని దాటాయి. జపాన్‌లోని కమియోకాండేలో 11, అమెరికాలో ఉప్పు గనిలో పెట్టిన ఐఎంబీలో 8, అప్పటి సోవియట్ యూనియన్‌లోని బక్సాన్‌లో 5 నమోదయ్యాయి. అంతా కలిపి పది, పదమూడు సెకన్లలో అయిపోయింది. వెలుగు రెండు మూడు గంటల తర్వాత వచ్చింది. ఆ మధ్యాహ్నం అనంతపురంలో అన్నం తింటున్న ప్రతి మనిషి ఒంట్లోంచీ ఆ న్యూట్రినోలు లక్షల కోట్లు వెళ్లిపోయాయి. ఒక్కరికీ తెలియలేదు.

అయితే అవి కూలిన గర్భం చల్లబడుతూ విడిచిన న్యూట్రినోలు. పేలుడు శక్తిలో నూటికి 99 వంతులు అవే పట్టుకుపోతాయి. సంఖ్యలో అపారం, శక్తిలో ఒక్కోటి కొద్ది కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు. ఇప్పుడు వెతుకుతున్నవి గర్భం నుంచి వచ్చేవి కావు. పేలుడు బయటికొచ్చి, చుట్టూ ఉన్న వాయువును గుద్దుకున్నాక అక్కడ పుట్టేవి. మొదటివి లోపల ఏం జరిగిందో చెబుతాయి. రెండోవి బయట ప్రోటాన్లకు అంత వేగం ఎలా వచ్చిందో చెబుతాయి. 1987లో ఉన్న పరికరాలు ఈ రెండో రకాన్ని పట్టేంత పెద్దవి కావు.

పేలుడు నుంచి అంత శక్తి ఉన్న న్యూట్రినో ఎలా పుడుతుంది?

కొన్ని నక్షత్రాలు చావబోయే ముందు, చివరి కొన్నేళ్లలో, తమ బయటి పొరలను పెద్ద ఎత్తున వదిలేస్తాయి. ఆ వాయువు నక్షత్రం చుట్టూ దట్టంగా గూడులా నిలిచి ఉంటుంది. తర్వాత నక్షత్రం పేలినప్పుడు సెకనుకు వేల కిలోమీటర్ల వేగంతో వచ్చే శకలాలు ఆ గూడును గుద్దుకుంటాయి. గుద్దుకున్న చోట షాక్, అంటే ముందుకు తోసుకుపోయే ఒత్తిడి అల, పుడుతుంది.

షాక్‌కు ముందూ వెనకా చిక్కుపడిన అయస్కాంత క్షేత్రాలు ఉంటాయి. ప్రోటాన్ వాటి మధ్య ఇటూ అటూ కొట్టుకుంటుంది. ఎదురెదురుగా దగ్గరికొస్తున్న రెండు గోడల మధ్య బంతిని విసిరితే, తగిలినప్పుడల్లా దాని వేగం పెరుగుతుంది. ప్రోటాన్ సంగతీ అంతే. ఒక్కసారిగా కాదు, వేలసార్లు కొద్దికొద్దిగా శక్తి పుంజుకుంటుంది.

అలా పరుగందుకున్న ప్రోటాన్ చుట్టుపక్కల వాయువులో ఇంకో ప్రోటాన్‌ను ఢీకొంటే పయాన్లు అనే కణాలు పుడతాయి. ఆవేశమున్న పయాన్ రెప్పపాటు కూడా బతకదు. మ్యూయాన్‌గా (ఎలక్ట్రాన్ లాంటిదే, కానీ బరువైన కణం), న్యూట్రినోగా విడిపోతుంది. ఆ మ్యూయాన్ మళ్లీ విడిపోయి ఇంకో రెండు న్యూట్రినోలనిస్తుంది. ప్రోటాన్ శక్తిలో సుమారు ఇరవయ్యో వంతు ఒక్కో న్యూట్రినోకు దక్కుతుంది. ఆవేశం లేని పయాన్ మాత్రం గామా కిరణాలుగా మారుతుంది.

ఇక్కడ సాంద్రత చాలా ముఖ్యం. షాక్ ఇంకా నక్షత్రం లోపలే ఉన్నంతసేపు పదార్థం మరీ చిక్కగా ఉంటుంది, కాంతి ఒత్తిడే షాక్‌ను మెత్తబరుస్తుంది, ప్రోటాన్ వేగం అందుకోలేదు. బయట వాయువు మరీ పలచగా ఉంటే ప్రోటాన్‌కు ఢీకొట్టడానికి ఏమీ దొరకదు. రెంటికీ మధ్య ఉండే చిక్కదనమే కావాలి. అందుకే ‘టైప్ 2ఎన్’ అనే రకం సూపర్నోవాల మీద అందరి కళ్లూ. వాటి వర్ణపటంలో సన్నటి హైడ్రోజన్ గీతలు ఉంటాయి, చుట్టూ నెమ్మదిగా కదిలే దట్టమైన వాయువు ఉందని అవే చెబుతాయి.

బయటికి రాలేకపోయిన జెట్ అంటే?

కొన్ని నక్షత్రాల గర్భం కూలినప్పుడు రెండు వైపులా సన్నటి కణధారలు దూసుకొస్తాయి, వాటినే జెట్‌లు అంటారు. అవి పొరలను చీల్చుకుని బయటపడితే మనకు గామా కిరణాల విస్ఫోటం కనిపిస్తుంది. మధ్యలోనే ఆగిపోతే గామా కిరణాలు లోపలే ఇంకిపోతాయి, న్యూట్రినోలు మాత్రం బయటికొస్తాయి. అలా జరిగితే ఆ నక్షత్రం కడుపులో ధార పుట్టిందని చెప్పగలిగే సాక్షి న్యూట్రినోనే. ఈ రకానికి వెతికే సమయం వంద సెకన్ల పాటి. వాయువును గుద్దుకునే రకానికైతే వందల రోజులు చూడాలి.

## పట్టుకునే పని

దక్షిణ ధ్రువంలో మంచు కిందనే ఎందుకు పెట్టారు?

న్యూట్రినో ఏ అణువుతోనూ సులువుగా కలవదు కాబట్టి, చాలా ఎక్కువ పదార్థాన్ని దాని దారిలో పెట్టి కాచుకోవాలి. ఆ పదార్థం పారదర్శకంగా, చీకటిగా ఉండాలి. ఎప్పుడో ఒక న్యూట్రినో మంచులోని అణువును ఢీకొంటే ఆవేశమున్న కణం పుట్టి, మంచులో కాంతి వేగాన్ని మించి పరుగెత్తుతుంది. అప్పుడు నీలి వెలుగు వస్తుంది, దాన్ని చెరెంకోవ్ కాంతి అంటారు.

దక్షిణ ధ్రువం మంచులో పెట్టిన ఆ పరికరం పేరు ఐస్‌క్యూబ్. అందులో 86 తీగలు, వాటికి 5,160 కాంతి గ్రాహకాలు. మంచు ఉపరితలం నుంచి 1,450 మీటర్లకు మొదలై 2,450 మీటర్ల లోతు వరకు ఉన్నాయి. ఒక ఘన కిలోమీటరు మంచు, దాదాపు వంద కోట్ల టన్నులు. 2010 డిసెంబరులో పూర్తయింది. మన దగ్గర వెయ్యి అడుగుల బోరు వేయించిన రైతుకు ఆ లోతు కష్టం తెలుసు. ఇది 8,000 అడుగులు, మరిగే నీళ్ల ధారతో మంచును కరిగించుకుంటూ ఒక్కో రంధ్రం సుమారు రెండు రోజుల్లో దించారు. నీళ్లు మళ్లీ గడ్డకట్టాక గ్రాహకాలు శాశ్వతంగా అక్కడే. చెడిపోతే తీసి బాగుచేసే వీల్లేదు.

మంచే కావాలని లేదు. సైబీరియాలో బైకాల్ సరస్సులో ఒకటి, సిసిలీ దగ్గర మధ్యధరా సముద్రం అడుగున కేఎం3నెట్ అని ఇంకొకటి ఉన్నాయి.

మన బెలూం గుహల్లో పెట్టకూడదా సార్?

కర్నూలు, నంద్యాల పిల్లలు ప్రతిసారీ అడుగుతారు. అడిగినప్పుడల్లా నాకు సంతోషమే, ఎందుకంటే లోతు ఎందుకు కావాలో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. బెలూం గుహలు మూడు కిలోమీటర్లకు పైగా సాగుతాయి, కానీ అది పొడవు. నెత్తి మీద రాయి కొన్ని పదుల మీటర్లే. పైన గాలిలో కాస్మిక్ కిరణాలు గుద్దుకుని పుట్టి, న్యూట్రినోల జాడను కప్పేసే మ్యూయాన్లు దాన్ని సులువుగా దాటేస్తాయి. వాటిని వడకట్టడానికి కిలోమీటర్ల రాయి కావాలి. ఇంకో సంగతి, హై ఎనర్జీ న్యూట్రినోకు కావలసిన ఘన కిలోమీటరు పారదర్శక పదార్థం ఏ గుహలోనూ పట్టదు.

మంచులో మెరిసింది ఆ నక్షత్రానిదేనని ఎట్లా తెలుస్తాది?

వెతుకులాటలో అసలు కష్టం ఇదే. ఐస్‌క్యూబ్‌లో సెకనుకు సుమారు 3,000 మ్యూయాన్లు నమోదవుతాయి. అవి పైన వాతావరణంలో కాస్మిక్ కిరణాలు గుద్దుకుని పుట్టినవి. అదే వాతావరణంలో పుట్టిన న్యూట్రినోలు రోజుకు వందల్లో ఉంటాయి. నిజంగా దూర అంతరిక్షం నుంచి వచ్చినవి ఏడాదికి పదుల్లో, మహా అయితే వంద అటూ ఇటూ.

వడకట్టడానికి మూడు ఆధారాలు. దిక్కు: మ్యూయాన్ న్యూట్రినో మంచులో పొడుగాటి గీత గీస్తుంది, దాన్నిబట్టి ఒక డిగ్రీ లోపు కచ్చితత్వంతో దిక్కు చెప్పొచ్చు. మిగతా రకాలు గుండ్రటి మెరుపులా కనిపిస్తాయి, వాటి దిక్కు పది డిగ్రీలకు పైగా తేడా రావచ్చు. సమయం: నక్షత్రం పేలిన వేళకూ న్యూట్రినో వచ్చిన వేళకూ పొంతన ఉండాలి. శక్తి: ఎంత ఎక్కువైతే వాతావరణంలో పుట్టే అవకాశం అంత తక్కువ. ఈ మూడూ కలిసినా ఒక్క న్యూట్రినోతో ఎవరూ ‘దొరికింది’ అనరు. యాదృచ్ఛికంగా ఇలా కలిసే అవకాశం ఎంతో లెక్కకట్టి, ఆ లెక్కతో పాటే చెబుతారు.

దక్షిణ ధ్రువంలో ఉన్నదానికి మన నెత్తి మీది ఆకాశం కనపడుతుందా?

కనపడుతుంది, అదీ అన్నిటికన్నా బాగా. నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఇది. అనంతపురం భూమధ్యరేఖకు ఉత్తరంగా 15 డిగ్రీల దగ్గర ఉంది. మన నడినెత్తిన ఉన్న ఆకాశం దక్షిణ ధ్రువంలో నిలబడినవాళ్లకు దిగంతానికి 15 డిగ్రీల కింద ఉంటుంది. కంటికి కనపడదు, కానీ అటు నుంచి వచ్చే న్యూట్రినో మూడు వేల కిలోమీటర్ల పైచిలుకు నేలను తొలుచుకుని ఐస్‌క్యూబ్‌ను చేరుతుంది. వాతావరణపు మ్యూయాన్లను ఆ నేలే ఆపేస్తుంది.

మరీ ఉత్తరపు ఆకాశం నుంచి వచ్చేవి భూమి నడిబొడ్డు మీదుగా రావాలి. వంద టెరా ఎలక్ట్రాన్ వోల్టులు దాటిన న్యూట్రినోలను భూమి కూడా మింగడం మొదలుపెడుతుంది. దక్షిణ ఆకాశం వైపు నుంచైతే మ్యూయాన్ల గోల. ఈ రెంటి మధ్య, ఆకాశ మధ్యరేఖ చుట్టూ ఉన్న పట్టీలో ఐస్‌క్యూబ్ చూపు అన్నిటికన్నా పదును. ఆ పట్టీ రోజూ రాయలసీమ మిద్దెల మీదుగానే తిరుగుతుంది.

## ఇప్పటిదాకా ఏం తేలింది

ఇంతకీ పేలే నక్షత్రం నుంచి ఒక్కటైనా దొరికిందా?

అందరూ ఒప్పుకునేంత గట్టిగా ఇంకా లేదు. 2013లో ఐస్‌క్యూబ్ దూర అంతరిక్షపు హై ఎనర్జీ న్యూట్రినోలు ఉన్నాయని చూపింది. వాటిలో ఏ ఒక్కటీ ఫలానా సూపర్నోవా నుంచే వచ్చిందని రుజువు కాలేదు.

వెయ్యి నక్షత్రాలు వెతికి ఏమీ దొరకలేదంటే వృథాయే కదా?

కాదు. 2023లో వచ్చిన ఐస్‌క్యూబ్ పరిశోధనలో ఏడేళ్ల న్యూట్రినో సమాచారాన్ని వెయ్యికి పైగా గర్భం కూలిన సూపర్నోవాలతో సరిపోల్చారు. ఒక్కోదాన్ని విడిగా చూశారు, అన్నిటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి కూడా చూశారు. ఎక్కడా అదనంగా తేలలేదు.

మన వైపు బోరు వేయించినవాళ్లకు దీని అర్థం వెంటనే తెలుస్తుంది. 500 అడుగులకు నీళ్లు పడలేదంటే, ఆ పాయింటులో 500 అడుగుల దాకా నీళ్లు లేవని తెలిసినట్టు. నేలలో నీళ్లే లేవని కాదు. ఎండిన బోరు వెనక ఎంత అప్పు, ఎంత దుఃఖం ఉంటుందో నాకు తెలుసు, అందుకే ఈ పోలిక తేలిగ్గా వాడటం లేదు. కానీ ఎంత లోతు దాకా లేవో చెప్పడమే ఇక్కడ వచ్చిన ఫలితం. అంతరిక్షపు న్యూట్రినోల మొత్తంలో, బయటి పొరలు ఊడిపోయిన నక్షత్రాల సూపర్నోవాల వాటా నూటికి 14.6కు మించదు. టైప్ 2ఎన్ రకం వాటా 33.9కి మించదు. పేలాక కొన్నాళ్లు వెలుగు తగ్గకుండా నిలిచే టైప్ 2పీ రకం వాటా 59.9కి మించదు. న్యూట్రినోల శక్తి ఒక ఫలానా పద్ధతిలో పంచుకుని ఉంటుందనే ఊహ మీద కట్టిన అంకెలు ఇవి, ఆ షరతు మర్చిపోకూడదు. మూడో అంకె పెద్దగా ఉంది చూడండి, అంటే ఆ రకం గురించి ఇంకా చెప్పగలిగింది తక్కువ. టైప్ 2ఎన్ నుంచి న్యూట్రినోలు ధారాళంగా వస్తాయని లెక్కకట్టిన సిద్ధాంతాలు మాత్రం దీంతో బలహీనపడ్డాయి.

2012లో ఒకటి దొరికిందని చదివినానే?

2012 మార్చి 30న ఐస్‌క్యూబ్ నుంచి హెచ్చరిక వెళ్లింది. తక్కువ వ్యవధిలో, దాదాపు ఒకే దిక్కు నుంచి రెండు న్యూట్రినోలు. టెలిస్కోపులు అటు తిప్పితే నిజంగానే టైప్ 2ఎన్ సూపర్నోవా కనిపించింది, పీటీఎఫ్12సీఎస్‌వై అని పేరు. ఆ క్షణంలో వాళ్ల గుండె ఎంత వేగంగా కొట్టుకుని ఉంటుందో ఊహించగలను. కానీ పాత ఫొటోలు తీసి చూస్తే ఆ నక్షత్రం అప్పటికే అయిదు నెలలకు పైగా ముందు పేలింది. వాళ్లు వెతుకుతున్నది పేలిన వెంటనే వచ్చే న్యూట్రినోలను. దూరం కూడా ఎక్కువే, సుమారు 100 కోట్ల కాంతి సంవత్సరాలు. అచ్చంగా కాకతాళీయం, కాకి వాలడమూ తాటిపండు పడటమూ. వాళ్లు ఆ మాటే రాసి ప్రచురించారు.

2023లో దగ్గర్లోనే ఒకటి పేలింది కదా, దాన్నుంచి రాలేదా?

2023 మే 19న జపాన్ ఔత్సాహిక పరిశీలకుడు కొయిచి ఇటగాకి ఎం101 గెలాక్సీలో ఎస్‌ఎన్ 2023ఐఎక్స్‌ఎఫ్‌ను కనుక్కున్నాడు. దూరం సుమారు 2.1 కోట్ల కాంతి సంవత్సరాలు. చుట్టూ దట్టమైన వాయువు ఉన్న ఆనవాళ్లు మొదటి రోజుల్లోనే దొరికాయి, అంటే కోరుకున్న రకమే. అయినా ఐస్‌క్యూబ్‌లో అదనంగా ఏమీ తేలలేదు.

దగ్గర అనే మాట ఇక్కడ మోసం చేస్తుంది. అదే నక్షత్రం మన పాలపుంతలో 30,000 కాంతి సంవత్సరాల దూరంలో పేలి ఉంటే 700 రెట్లు దగ్గర. దూరం తగ్గితే వచ్చే కణాల సంఖ్య వర్గం లెక్కన పెరుగుతుంది, అంటే దాదాపు అయిదు లక్షల రెట్లు.

ఎస్‌ఎన్ 2023యూక్యూఎఫ్ సంగతేంది?

ప్రస్తుతానికి ఆశ పెట్టుకోదగ్గది ఇదే. 2023 అక్టోబరు 4న ఐస్‌క్యూబ్ ఒక హై ఎనర్జీ న్యూట్రినో హెచ్చరిక పంపింది. అమెరికాలోని జ్విక్కీ ట్రాన్సియెంట్ ఫెసిలిటీ అటు చూసి ఒక అరుదైన సూపర్నోవాను కనుక్కుంది. హీలియం నిండిన వాయువును గుద్దుకునే ‘టైప్ 1బీఎన్’ రకం. యాదృచ్ఛికంగా ఇలా కలిసే అవకాశం వెయ్యిలో మూడు అని లెక్కకట్టారు. ఇది ఆసక్తి పుట్టించే అంకె, రుజువు కాదు. కణ భౌతికశాస్త్రంలో ఆవిష్కరణ అనాలంటే ఆ అవకాశం సుమారు 35 లక్షల్లో ఒకటికి పడిపోవాలి.

గామా కిరణాల విస్ఫోటాల నుంచైనా వచ్చాయా?

రాలేదు. 2012లోనే ఐస్‌క్యూబ్ ఆ సంగతి ప్రకటించి చాలా అంచనాలను తలకిందులు చేసింది. 2022 అక్టోబరు 9న, ఇంతవరకు చూసినవాటిలో అత్యంత ప్రకాశవంతమైన గామా విస్ఫోటం వచ్చినప్పుడూ న్యూట్రినోలు కనపడలేదు.

మరి దొరికిన న్యూట్రినోలు ఎక్కడివి?

కొన్నింటి చిరునామాకు బలమైన ఆధారాలు దొరికాయి. 2017 సెప్టెంబరు 22న వచ్చిన, సుమారు 290 టెరా ఎలక్ట్రాన్ వోల్టుల న్యూట్రినో టీఎక్స్‌ఎస్ 0506+056 అనే బ్లేజర్ దిక్కు నుంచి వచ్చింది. బ్లేజర్ అంటే నడుమ పెద్ద కృష్ణబిలం ఉండి, దాని ధార మన వైపే తిరిగి ఉన్న గెలాక్సీ. 2022లో ఎన్‌జీసీ 1068 గెలాక్సీ వైపు నుంచి సుమారు 79 న్యూట్రినోలు అదనంగా తేలాయి. 2023లో మన పాలపుంత నుంచి వచ్చేవి కనిపించాయి. మధ్యధరాలోని కేఎం3నెట్ 2023 ఫిబ్రవరి 13న సుమారు 220 పెటా ఎలక్ట్రాన్ వోల్టుల న్యూట్రినోను పట్టుకుంది, ఇంతవరకు దొరికినవాటిలో అదే అత్యధికం. అది ఎక్కడిదో తెలియదు. మొత్తంలో ఎక్కువ భాగానికి ఇప్పటికీ చిరునామా లేదు, పేలే నక్షత్రాలకు చోటు మిగిలి ఉన్నది అక్కడే.

## మనమూ, మన ఆకాశమూ

ఆరుద్ర నక్షత్రం పేలితే ఏమవుతుంది?

ఆర్ద్ర అంటే ఖగోళ పుస్తకాల్లోని బెటెల్‌జ్యూస్. ఆరుద్ర కార్తెలో శెనక్కాయ విత్తేటప్పుడు, ఎర్రటి ఆరుద్ర పురుగులు నేల మీద తిరిగేటప్పుడు, ఆ నక్షత్రం రాత్రి కనపడదు. సూర్యుడు అప్పుడు ఆ దిక్కునే ఉంటాడు. మార్గశిరంలో, ఆరుద్ర దర్శనం నాటికి, రాత్రంతా కనిపిస్తుంది. దూరం సుమారు 500 నుంచి 700 కాంతి సంవత్సరాలు. 2019 చివర్లో బాగా మసకబారినప్పుడు పేలిపోతుందని ప్రచారం జరిగింది, కానీ ధూళి అడ్డం రావడం వల్ల అలా కనపడిందని తేలింది. లక్ష ఏళ్లలోపు ఎప్పుడైనా పేలొచ్చు.

పేలితే ముందు గర్భం నుంచి వచ్చే న్యూట్రినోలు పరికరాలను ముంచెత్తుతాయి. స్న్యూస్ అనే హెచ్చరిక వ్యవస్థ ప్రపంచంలోని పరికరాలన్నిటినీ కలిపి చూసి అందరికీ కబురు పంపుతుంది. వెలుగు గంటల తర్వాత వస్తుంది. ఆపై రోజుల్లో, షాక్ బయటి వాయువులోకి పాకాక, హై ఎనర్జీ రకం రావాలి. అంత దగ్గర నుంచి వేలల్లో రావచ్చని కొన్ని మోడళ్ల లెక్క. మనకు ప్రమాదం లేదు. పగలు కూడా కనిపించే చుక్క అవుతుంది.

మన దేశంలో ఈ పని ఎవరైనా చేశారా?

చేశారు, అదీ మనకు దగ్గర్లోనే. చిత్తూరు జిల్లా సరిహద్దుకు అవతల ఉన్న కోలార్ బంగారు గనుల్లో, రెండు కిలోమీటర్లకు పైగా లోతున, 1965లో వాతావరణంలో పుట్టిన న్యూట్రినోలను పట్టుకున్నారు. టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు, జపాన్‌లోని ఒసాకా, ఇంగ్లండ్‌లోని డర్హమ్ శాస్త్రవేత్తలు కలిసి చేసిన పని. ప్రపంచంలో అలాంటి మొదటి పరిశీలనల్లో అదొకటి. 2001లో గని మూతపడింది. అనంతపురం నుంచి ఒక పూట ప్రయాణం దూరంలో ఇంత జరిగిందని మన పాఠ్యపుస్తకాల్లో ప్రతి పిల్లా పిల్లాడికీ చెప్పాలని నా కోరిక.

తమిళనాడు తేని జిల్లాలో తలపెట్టిన న్యూట్రినో ప్రయోగశాల అనుమతులు, స్థానికుల అభ్యంతరాల మధ్య ఆగింది. దాని ఉద్దేశం కూడా వాతావరణ న్యూట్రినోలే. లద్దాఖ్‌లోని హాన్లేలో ఉన్న గ్రోత్ ఇండియా టెలిస్కోపు మాత్రం ఆకాశంలో కొత్తగా మెరిసేవాటి వెంట పడుతుంది.

దీనివల్ల మా సేద్యానికేమన్నా లాభముందా?

ఇప్పటికైతే లేదు. ఉందని అబద్ధం చెప్పను. ఇది తెలుసుకోవడం కోసం చేసే పని.

డిగ్రీ చదువుతున్నాను, ఇక్కడి నుంచి నేనేమన్నా చేయొచ్చా?

చేయొచ్చు. ఐస్‌క్యూబ్ 2008 నుంచి 2018 వరకు పదేళ్ల సమాచారాన్ని 2021లో అందరికీ ఇచ్చేసింది, 11 లక్షలకు పైగా నమోదులు. మామూలు ల్యాప్‌టాప్, కొద్దిగా పైథాన్ వస్తే చాలు. ఒక సూపర్నోవా స్థానం తీసుకోండి. దాని చుట్టూ ఒక డిగ్రీ వృత్తంలో, పేలిన తేదీ తర్వాత వంద రోజుల్లో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. తర్వాత అదే అక్షాంశంలో ఆకాశం చుట్టూ వేరే చోట్ల అలాంటి వృత్తాలే గీసి లెక్కపెట్టండి. అక్కడా అన్నే ఉంటే మీ నక్షత్రం ప్రత్యేకం కాదు. నా దగ్గర చదివిన ఒకమ్మాయి యాభై సూపర్నోవాలు చూసి ఒకదాని దగ్గర ఎక్కువ ఉన్నాయని రాత్రి పదకొండింటికి ఫోన్ చేసింది. యాభై చోట్ల చూస్తే ఏదో ఒక చోట ఎక్కువ కనపడటం సహజమని మర్నాడు తనే లెక్కకట్టుకుని వచ్చింది. ఆ లెక్క కట్టగలగడమే ఈ రంగంలో మొదటి అర్హత. ఐస్‌క్యూబ్ హెచ్చరికలు 2016 నుంచి బహిరంగంగా వస్తున్నాయి. పేరు నమోదు చేసుకుంటే మీ మెయిల్‌కే వస్తాయి.

మిద్దె మీద నుంచి ఏం చూడొచ్చు?

జనవరిలో రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటలకు తూర్పు వైపు చూస్తే ఒకే వరసలో మూడు చుక్కలు కనిపిస్తాయి. వాటికి ఎడమ వైపు ఎర్రగా మెరిసేది ఆరుద్ర, వేటగాడి (ఒరాయన్ అనే నక్షత్రాల గుంపు) ఒక భుజం. రెండో భుజం దగ్గర తెల్లటి చుక్క బెల్లాట్రిక్స్. చెయ్యి చాచి మూడు వేళ్లు కలిపి పట్టుకుంటే, బెల్లాట్రిక్స్‌కు పడమటి వైపు దాదాపు అంత దూరంలో ఖాళీగా ఉన్న చీకటి చోటు ఉంటుంది. 2017 నాటి న్యూట్రినో వచ్చిన బ్లేజర్ అక్కడే ఉంది. కంటికి కనపడదు, నా చిన్న టెలిస్కోపులోనూ కనపడదు. అయినా ప్రతిసారీ పిల్లలకు ఆ ఖాళీ చోటు చూపించే కిందికి దిగుతాను.